చేతిలో డబ్బు లేనప్పుడు టీంని కలిపి ఉంచడం ఎలా? చిన్న కంపెనీల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పది మంది నుంచి అరవై డెబ్భై మంది దాకా పనిచేసే చోట్ల కోసం రాసిన పేజీ ఇది. మాదాపూర్‌లో ఒక అంతస్తులో నడిచే సాఫ్ట్‌వేర్ కంపెనీ కావచ్చు, విజయవాడ ఆటోనగర్‌లో వర్క్‌షాప్ కావచ్చు, జిల్లా కేంద్రంలో డయాగ్నస్టిక్ సెంటర్ కావచ్చు. ఆర్డర్లు తగ్గాయి, ఇంక్రిమెంట్లు ఆగాయి, రిసార్ట్ ట్రిప్పుల బడ్జెట్ పోయింది. చిన్న కంపెనీల్లో హెచ్ఆర్ పని చూసే మనిషిగా నన్ను ఓనర్లు, మేనేజర్లు మళ్ళీ మళ్ళీ అడిగేవే ఇక్కడ పెట్టాను.

ఇంక్రిమెంట్లే లేవు. ఇప్పుడు టీం స్పిరిట్ అంటే జనం కోప్పడరా?

కోప్పడతారు, ఆ కోపంలో న్యాయం ఉంది. అందుకే వరస ముఖ్యం. ముందు డబ్బు సంగతి నిజంగా చెప్పాలి, తర్వాత కోత ఎవరి మీద ఎంత పడుతుందో న్యాయంగా తేల్చాలి, ఆ తర్వాతే భోజనాలూ ఆటలూ. ఈ వరస తప్పితే మీరు పెట్టే సమోసా కూడా "జీతం పెంచలేదు గానీ సమోసా పెట్టారు" అనే మాటకి పనికొస్తుంది. వరస సరిగ్గా ఉంటే మాత్రం మజ్జిగ గ్లాసుకి కూడా విలువ ఉంటుంది, ఇది నేను చాలా చోట్ల చూశాను.

కంపెనీ పరిస్థితి ఎంతవరకు చెప్పాలి? అన్నీ చెబితే భయపడి వేరే ఉద్యోగం చూసుకుంటారేమో.

చెప్పకపోతే ఇంకా ముందే చూసుకుంటారు. మీరు దాచారనుకున్నది అకౌంట్స్‌లో ఒకరికి తెలుసు, వెండర్‌కి చెక్కు ఆగిందని స్టోర్స్‌లో ఇంకొకరికి తెలుసు, సాయంత్రానికి టీ బండి దగ్గర అది పదింతలవుతుంది. "ఈ నెలాఖరుకి సగం మందిని తీసేస్తారంట" అన్న పుకారు ఏ నిజం కన్నా ఎక్కువ చెడు చేస్తుంది.

నా లెక్కలో మూడు విషయాలు చెబితే సరిపోతుంది: చేతిలో ఉన్న డబ్బూ రావాల్సిన బిల్లులూ కలిపి ఎన్ని నెలల జీతాలకి వస్తాయి, ఇప్పటిదాకా ఏ ఖర్చులు ఆపారు, మళ్ళీ ఏ తేదీన పరిస్థితి చెబుతారు. ఆ మూడోది చాలామంది మర్చిపోతారు, నిజానికి టెన్షన్ తగ్గించేది అదే. "వచ్చే నెల పదో తేదీ సాయంత్రం నాలుగింటికి మళ్ళీ కూర్చుందాం" అని చెప్పి, ఆ రోజు చెప్పడానికి కొత్తది ఏమీ లేకపోయినా కూర్చోవాలి. లేకపోతే లేదనే చెప్పాలి.

లెక్కలు చూపించడం గురించి భయం ఉన్నవాళ్ళకి ఒక ఉదాహరణ. అమెరికాలో మిజోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇంజిన్లు రిపేర్ చేసే ఒక ప్లాంట్‌ని 1983లో దాని మేనేజర్లే పెద్ద అప్పు చేసి కొన్నారు. పేరు ఎస్ఆర్‌సీ. బతికి బయటపడటానికి వాళ్ళు పట్టుకున్న దారి ఏమిటంటే, షాప్ ఫ్లోర్‌లో పనిచేసేవాళ్ళందరికీ లాభనష్టాల పట్టిక చదవడం నేర్పించి, కంపెనీ అంకెలు వాళ్ళ ముందే పెట్టడం. ఎక్కడ డబ్బు పోతోందో తెలిసిన మనిషి దాన్ని ఆపే దారి తనే చెబుతాడు. మీరు పూర్తి బ్యాలెన్స్ షీట్ చూపించనక్కర్లేదు, కరెంటు బిల్లు, అద్దె, రావాల్సిన బకాయిలు చూపించినా చాలు, "సార్, ఆ రెండో ఏసీ రాత్రిళ్ళు కూడా నడుస్తోంది" అని ఎవరో ఒకరు అంటారు.

జీతం పది పదిహేను రోజులు ఆలస్యమవుతోంది. ఈలోపు చిన్న పార్టీ పెడితే ఊరటగా ఉంటుందా?

వద్దు. ఆ డబ్బు జీతాల్లో వేయండి. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు ఇవ్వాలన్నది చట్టంలో ఉన్న మాట. అదీగాక చాలామందికి ఐదో తేదీకే ఈఎంఐ కట్ అవుతుంది, చెక్కు బౌన్స్ అయితే బ్యాంకు వేసే పెనాల్టీ వాళ్ళే కట్టుకుంటారు. అందరికీ ఒకేసారి ఇవ్వలేని నెలలో చిన్న జీతాల వాళ్ళకి ముందు ఇవ్వండి, ఓనరు చివర తీసుకోండి, ఆ క్రమం అందరికీ చెప్పండి. దాచి చేస్తే మాత్రం "వాళ్ళకి పడింది, మాకు పడలేదు" అని గొడవవుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి: బోనస్ ఎగ్గొట్టి దాన్ని టీం లంచ్‌గా మార్చకూడదు. చట్టం వర్తించే కంపెనీల్లో అర్హత ఉన్న ఉద్యోగికి, చట్టం చెప్పిన లెక్కలో, జీతం మీద కనీసం 8.33 శాతం బోనస్ ఇచ్చి తీరాలి, అది మీ దయ మీద ఆధారపడింది కాదు.

జీతాల్లో కోత తప్పడం లేదు. టీం విరిగిపోకుండా ఎలా చేయాలి?

పైనుంచి మొదలుపెట్టాలి, పైవాళ్ళకి ఎక్కువ పడాలి. 2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్‌లో తెలంగాణ ప్రభుత్వం జీతాల చెల్లింపులో కోత పెట్టినప్పుడు ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకి 75 శాతం, ఐఏఎస్ లాంటి అఖిల భారత సర్వీసు అధికారులకి 60 శాతం, మిగతా ఉద్యోగులకి 50 శాతం, నాలుగో తరగతి, కాంట్రాక్టు సిబ్బందికి 10 శాతం అని మెట్లుగా పెట్టింది. ఆ నిర్ణయం మీద విమర్శలు బాగానే వచ్చాయి, పెన్షన్ల కోత కోర్టు దాకా వెళ్ళింది. ఉన్నట్టుండి సగం జీతం ఆగితే మధ్యతరగతి ఇల్లు ఎలా నడుస్తుంది అన్న ప్రశ్నకి జవాబు అంత తేలిక కాదు. కానీ పద్దెనిమిది వేల జీతం మీదా, లక్షా ఎనభై వేల జీతం మీదా ఒకే పదిహేను శాతం కోసే కంపెనీలతో పోలిస్తే, కింది మెట్టుని కాపాడాలన్న ఆ ఆలోచన సరైనది.

ఇంకో ఉదాహరణ బ్యారీ వెమిల్లర్ అనే అమెరికన్ యంత్రాల కంపెనీది. 2009 మాంద్యంలో ఆర్డర్లు పడిపోతే, ఎవరినీ తీసేయకుండా సీఈఓ నుంచి కింది ఉద్యోగి దాకా అందరూ నాలుగు వారాలు జీతం లేని సెలవు తీసుకోవాలని పెట్టారు. ఎప్పుడు తీసుకుంటారో వాళ్ళ ఇష్టం. కాస్త ఉన్నవాళ్ళు, ఇబ్బందిలో ఉన్న తోటివాళ్ళ వంతు వారాలు తాము తీసుకున్నారు. అది ఏ టీం బిల్డింగ్ ఆటతోనూ వచ్చేది కాదు, భారం అందరిదీ అన్న నమ్మకం ఉంటే ఆ పని మనుషులే చేసుకుంటారు. మన దగ్గర నెల జీతం మొత్తం వదులుకోగలిగిన ఇళ్ళు తక్కువ కాబట్టి నాలుగు వారాలు అక్కర్లేదు, నెలకి ఒకటి రెండు రోజులు, అదీ పెద్ద జీతాల నుంచి మొదలుపెట్టి చూడండి. రాతపూర్వకంగా, ఎప్పటిదాకా అన్న తేదీతో ఇవ్వండి.

రూపాయి ఖర్చు లేకుండా ఇవ్వగలిగింది ఏమైనా ఉందా?

ఉంది, టైం. హైదరాబాద్‌లో పనిచేసే మనిషిని సంక్రాంతికి ఏం కావాలని అడగండి, గిఫ్ట్ హ్యాంపర్ అనరు, "పదకొండో తేదీ మధ్యాహ్నమే బయల్దేరనివ్వండి" అంటారు. ఆ రెండు మూడు రోజులు బస్టాండ్‌లో, సికింద్రాబాద్ స్టేషన్‌లో, విజయవాడ హైవే టోల్ గేట్ల దగ్గర ఎలా ఉంటుందో మనకి తెలిసిందే. ఒక పూట ముందు వదలడం, లేదా అటు రెండు రోజులు ఇటు రెండు రోజులు ఊళ్ళోంచి పనిచేయనివ్వడం, దీనికి మించిన పండగ కానుక నాకు తెలియదు.

అయితే ఆ మాట పండగ ముందు రోజు చెబితే లాభం లేదు. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతోంది. అంటే సంక్రాంతి సెలవుల జాబితా నవంబరు మొదటి వారానికే తేలాలి. దసరాకి, ఉగాదికి, రంజాన్‌కి, క్రిస్మస్‌కి కూడా అలాగే. ఆఫీసులో ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి వంతులు వేసుకోండి: పోయిన పండగకి ఆగినవాళ్ళు ఈసారి ముందు వెళ్తారు. ఈ వంతుల పట్టిక గోడ మీద ఉంటే "మేనేజర్‌కి కావాల్సినవాళ్ళకే లీవు" అన్న మాట పోతుంది.

ఇంకా ఉన్నాయి. పిల్లల పరీక్షల రోజుల్లో గంట ఆలస్యంగా రావడం, శనివారం చేసిన పనికి అడగకుండానే కాంపాఫ్, అంటే బదులు సెలవు, ఇవ్వడం, రాత్రి ఎనిమిది తర్వాత గ్రూప్‌లో మెసేజ్‌లు పెట్టకపోవడం. చివరిది ఓనర్లకే కష్టం.

కలిసి తినడం నిజంగా పనిచేస్తుందా, లేక ఊరికే అంటారా?

పనిచేస్తుంది. వారానికి ఒక రోజు అందరూ ఒకే టైంకి, ఒకే చోట, క్యారేజీలు విప్పుకుని తింటే చాలు. డెస్కుల దగ్గర ఫోన్ చూసుకుంటూ తినే టీంలో పక్కవాడి ఇంట్లో ఎవరికి బాగాలేదో కూడా తెలియదు. అది తెలియకపోవడం వల్లే సగం అపార్థాలు. ఆ అబ్బాయి నాలుగు రోజులుగా మెయిల్స్‌కి జవాబివ్వడం లేదంటే పొగరు అనుకుంటాం, వాళ్ళ నాన్నగారు నిమ్స్‌లో ఉన్నారని భోజనాల దగ్గర తెలుస్తుంది.

తలా ఒక వంటకం తెచ్చుకోవడం ఇంకా బాగుంటుంది, కానీ ఇక్కడ జాగ్రత్తలు ఉన్నాయి. పీజీల్లో, హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళు వండి తేలేరు. వాళ్ళకి పెరుగు, అరటిపండ్లు, విస్తరాకులు అప్పగించండి, "ఏం తేలేదు" అన్న మొహమాటం లేకుండా కూర్చుంటారు. వంట పని ఆడవాళ్ళ మీదే పడకుండా చూడండి, అంటే మగవాళ్ళ పేర్ల పక్కన కూడా వంటకం రాయండి, పులిహోర ఎవరైనా కలపగలరు. శాకాహారం, మాంసాహారం బల్లలు వేరుగా పెట్టండి గానీ మనుషులు వేరు వేరు గదుల్లో కూర్చోకూడదు. హౌస్‌కీపింగ్ అక్క, సెక్యూరిటీ అన్న, డ్రైవర్ అందరూ అదే వరసలో కూర్చోవాలి. చివర్లో మిగిలింది వాళ్ళకి పెట్టడం అనేది ఎక్కడ కనిపించినా నాకు బాధగా ఉంటుంది. అక్కడ టీం లేదు.

ఎండాకాలంలో మధ్యాహ్నం మూడింటికి మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు, దొరికితే తాటి ముంజలు. వానాకాలంలో మిరపకాయ బజ్జీలు. ఊరెళ్ళి వచ్చినవాళ్ళు ఎలాగూ ఏదో ఒకటి తెస్తారు, ఆత్రేయపురం పూతరేకులో, తాపేశ్వరం కాజానో, బందరు లడ్డూనో. దాన్ని ఎవరి సీట్ దగ్గర వాళ్ళు తీసుకోకుండా నాలుగింటికి మధ్యలో బల్ల మీద పెట్టించండి, పది నిమిషాలు వాళ్ళ ఊరి కబుర్లు నడుస్తాయి.

ఔటింగ్ లేకుండా ఎలా? ప్రతి ఏడాదీ రిసార్ట్‌కి వెళ్ళేవాళ్ళం.

మనకి కార్తీక వనభోజనాలు ఉన్నాయి కదా. ఉసిరి చెట్టు కింద, ఇంట్లో వండుకొచ్చిన అన్నం, చాపలు, ఆటలు. రిసార్ట్‌లో డీజే సౌండ్‌లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, చెట్టు కింద వినపడుతుంది. ఈమధ్య వనభోజనాలు ఎక్కువగా కులసంఘాలవారీగా జరుగుతున్నాయి, ఏ ఊళ్ళో చూసినా ఆ ఫ్లెక్సీలే. అందుకే అన్ని కులాలవాళ్ళు, అన్ని మతాలవాళ్ళు కలిసి పనిచేసే ఆఫీసు ఒక చెట్టు కింద కూర్చుని తినడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. పూజ చేసుకోవాలనుకున్నవాళ్ళు చేసుకుంటారు, మిగతావాళ్ళకి అది పిక్నిక్, ఎవరినీ బలవంతపెట్టొద్దు.

చోటు దగ్గర్లో ఉండాలి. హైదరాబాద్‌వాళ్ళకి కొండాపూర్ బొటానికల్ గార్డెన్, కాస్త దూరమైతే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు, ఎక్కే ఓపిక ఉంటే భువనగిరి కోట. వరంగల్ వైపు రామప్ప గుడి, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, పక్కనే చెరువు. విజయవాడవాళ్ళకి కొండపల్లి, ఉండవల్లి గుహలు, భవానీ ద్వీపం. విశాఖలో కైలాసగిరి, తొట్లకొండ. తిరుపతివాళ్ళకి తలకోన. చాలా పార్కుల్లో పొయ్యి పెట్టనివ్వరు, తినడానికి కూడా అనుమతి అడగాల్సి రావచ్చు కాబట్టి ముందు రోజే వెళ్ళి కనుక్కోండి. నీళ్ళున్న చోట ఈతకి ఎవరినీ దిగనివ్వొద్దు, ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

ముఖ్యమైన షరతు: పనిరోజున పెట్టండి. ఆదివారం పెడితే అది ఉద్యోగి ఇంటి టైం తీసుకోవడం. శుక్రవారం ఉదయం వెళ్ళి మూడింటికల్లా వదిలేస్తే పిల్లల స్కూలు వ్యాన్ టైంకి తల్లిదండ్రులు ఇంట్లో ఉంటారు.

తలా ఐదొందలు వేసుకుందాం అంటే?

వద్దండి. కోత పెట్టిన ఏడాదిలో చందా అడగకూడదు. ఐదొందలు లేవని నలుగురిలో చెప్పలేక వేరే సాకు చెప్పి మానేసేవాళ్ళు ప్రతి ఆఫీసులో ఉంటారు. పెళ్ళిళ్ళకి, పుట్టినరోజులకి తిరిగే కవర్లు కూడా ఆపి, నెలకి ఒకే కేకు కంపెనీ డబ్బుతో, ఆ నెల పుట్టినవాళ్ళందరికీ కలిపి కోయించండి.

పండగలు జరపాలా? ఏవి?

మీ వాళ్ళలో ఎవరెవరు ఉన్నారో చూసి జరపండి. వర్క్‌షాపుల్లో ఆయుధ పూజ ఎలాగూ ఉంటుంది, మెషిన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, ఆ రోజు ఓనరు కొడుకూ హెల్పరూ ఒకే చీపురు పట్టుకుంటారు. తెలంగాణ ఆఫీసుల్లో బతుకమ్మకి తంగేడు, గునుగు పూలు తెచ్చి అందరూ కలిసి పేర్చుకోవచ్చు, పువ్వుల ఖర్చు తప్ప ఇంకేం లేదు. ముగ్గుల పోటీ, రంజాన్ నెలలో ఒక సాయంత్రం ఇఫ్తార్‌కి ఖర్జూరాలు, పండ్లు, డిసెంబరులో కేకు. ఒక మతం పండగలే పెద్దగా జరిపి మిగతావి వాట్సాప్ ఫార్వర్డ్‌తో సరిపెడితే ఆ మిగతావాళ్ళు గమనిస్తారు.

క్రికెట్ టోర్నమెంట్?

పెట్టండి, కానీ అదొక్కటే పెట్టొద్దు. ఆడేది పదిహేను మంది కుర్రాళ్ళు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. ఒక క్యారమ్ బోర్డు, ఒక చెస్ బోర్డు కొంటే ఏళ్ళ తరబడి ఉంటాయి. అంత్యాక్షరిలో యాభై దాటిన అకౌంటెంట్‌గారు అందరినీ ఓడిస్తారు.

మెచ్చుకోవడం ఎలా? ప్రతి నెలా "బెస్ట్ ఎంప్లాయీ" ఇస్తున్నాం, ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఒకరికి ఇచ్చి ముప్పై మందికి ఇవ్వకపోతే ఆ ముప్పై మంది ఎందుకు పట్టించుకుంటారు? పైగా అది చాలా చోట్ల వంతులవారీగా తిరుగుతుంది. దాన్ని ఆపేసి పేరు, పని, దానివల్ల జరిగిన మేలు కలిపి చెప్పడం అలవాటు చేసుకోండి. "బాగా చేశారు" అంటే గాలిలో కలిసిపోతుంది. "మంగళవారం రాత్రి సర్వర్ ఆగినప్పుడు రమేష్ ఉండబట్టి పొద్దున్న క్లయింట్‌కి తెలియకుండానే సరైపోయింది" అంటే ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి చెప్పుకుంటారు. వీలైతే తెలుగులో, చేత్తో రాసి ఇవ్వండి. కనపడని పనులు వెతకండి: కొత్తమ్మాయికి పని నేర్పినవాళ్ళు, గొడవ సర్దినవాళ్ళు, ప్రింటర్ బాగుచేసినవాళ్ళు.

ఇంకొకటి, డబ్బు లేనప్పుడు పని నేర్పడం కూడా మెచ్చుకోలే. వారానికి గంట, ఒకరికి తెలిసింది ఇంకొకరికి: ఎక్సెల్, ట్యాలీ, క్లయింట్‌తో ఇంగ్లీష్‌లో మాట్లాడటం. రేపు పరిస్థితి ఇంకా పాడైనా ఆ నేర్చుకున్నది వాళ్ళ చేతిలో ఉంటుంది.

సగం మంది ఊళ్ళ నుంచే పనిచేస్తున్నారు. వాళ్ళని ఎలా కలపాలి?

వీడియో కాల్‌లో ఆటలు ఆడించడం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, ఎనిమిది గంటలు స్క్రీన్ చూసినవాళ్ళకి అది ఇంకో మీటింగే. దానికంటే పదిహేను నిమిషాల కాల్ ఇద్దరిద్దరికి, వేరే వేరే టీంల వాళ్ళకి జత కలిపి, పని మాట లేకుండా, పని గంటల్లోనే పెట్టండి. అమెరికా క్లయింట్ల కోసం రాత్రి పన్నెండు దాకా కూర్చునేవాళ్ళని పొద్దున్న తొమ్మిదింటి మీటింగ్‌కి లాగొద్దు. ఆఫీసులో స్వీట్లు పంచిన రోజు, వాళ్ళకి పోస్టులో చిన్న డబ్బా పంపండి. మూడు నెలలకోసారి రప్పించగలిగితే బస్సు ఛార్జీ కంపెనీయే ఇవ్వాలి.

కొందరిని తీసేయాల్సి వచ్చింది. మిగిలినవాళ్ళు మాట్లాడటం మానేశారు.

2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు అమెరికాలో చాలామందికి ఆ సంగతి మెయిల్‌లో తెలిసింది, అప్పటికే లాగిన్ పనిచేయడం లేదు. కొన్ని చిన్న కంపెనీలు కూడా అలాగే రాత్రికి రాత్రి వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేస్తుంటాయి. దయచేసి అలా చేయకండి. మిగిలినవాళ్ళు చూసేది ఒకటే: రేపు నాకూ ఇలాగే చేస్తారా?

ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, కారణం చెప్పండి, వీడ్కోలు చెప్పుకునే టైం ఇవ్వండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగంలోంచి తీసేసినా, తనే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం తిప్పించొద్దు. తెలిసిన కంపెనీలకి మీరే ఫోన్ చేసి "మంచి మనిషి, మా దగ్గర పని లేక పంపుతున్నాం" అని చెప్పండి. ఆ ఫోన్ సంగతి ఎలాగో ఒకలాగ ఆఫీసులో తెలుస్తుంది, దాని ప్రభావం మీరు పెట్టే ఏ ఔటింగ్‌కీ రాదు.

తర్వాత, వెళ్ళినవాళ్ళ పని మిగిలినవాళ్ళ మీద ఊరికే పడేయకుండా, ఏ పని ఆపేస్తున్నారో చెప్పండి. ఆరుగురి పని నలుగురు చేస్తూ ఉత్సాహంగా ఉండమంటే కుదరదు.

"మనమంతా ఒక కుటుంబం" అని చెప్పొచ్చా?

వద్దు. కుటుంబంలోంచి ఎవరినీ తీసేయం. మంచి కంపెనీ అని మాత్రం అనిపించుకోవచ్చు, అది తక్కువేం కాదు.

కొందరు ఏ కార్యక్రమానికీ రారు. ఏం చేయాలి?

వదిలేయండి. కొందరికి మందిలో ఇబ్బంది, కొందరికి ఇంట్లో చూసుకోవాల్సిన పెద్దవాళ్ళున్నారు. రాని మనిషి పనిలో నలుగురికి సాయపడుతున్నారా అన్నదే చూడండి. హాజరు వేసి, అప్రైజల్‌కి కలిపితే వచ్చినవాళ్ళకి కూడా విసుగు పుడుతుంది. అయితే అంతకుముందు వచ్చి ఈమధ్య మానేసిన మనిషి ఉంటే, ఒంటరిగా ఉన్నప్పుడు టీ తాగుతూ అడగండి.

ఆఫీసు బయట ఔటింగ్‌లో ఏదైనా తప్పు జరిగితే కంపెనీకి సంబంధం ఉంటుందా?

ఉంటుంది. పనిచోట లైంగిక వేధింపుల నివారణకి 2013లో వచ్చిన చట్టంలో, ఉద్యోగరీత్యా వెళ్ళిన చోటు, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచోటు కిందికే వస్తాయి. పది మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీ ఉండాలి. కాబట్టి మందు లేని ఔటింగ్ చవకా, మంచిదీ. ఆడవాళ్ళు ఇంటికి చేరేదాకా బాధ్యత మీదే.

ఫోటోలు తీసి లింక్డ్‌ఇన్‌లో పెట్టొచ్చా?

ఫోటోలో ఉన్నవాళ్ళని అడిగి పెట్టండి. జీతాలు ఆగిన నెలలో అయితే అసలు పెట్టొద్దు, ముందు బాకీ తీర్చండి.